తరోడా నాకా దాకా రాని లైను

మా ఆయనకు టీవీలు బాగుచేయడం వచ్చు. కంప్యూటర్ మాత్రం ఆయనకు స్నేహితుడు నేర్పించాడు. ఆ స్నేహితుడిది ఉమ్రీ, మరాఠీ వాళ్ల ఇల్లు. రోజూ పొద్దున పాసింజరు బండిలో మేముండే నాందేడ్ వచ్చి ఒక కంప్యూటర్ క్లాసులో పాఠాలు చెప్పేవాడు. సాయంత్రం బండికి తిరిగి ఊరికి పోయేవాడు. నన్ను ‘వహినీ’ అనేవాడు, అంటే వదినా అని. నేను ‘భావూ’ అనేదాన్ని, అంటే అన్నా అని. నాది బోధన్ పక్క ఊరు. పెళ్లై వచ్చిన కొత్తలో మరాఠీ ఒక్క ముక్క అర్థం కాక బజారుకు పోవాలంటే భయపడేదాన్ని. ఉమ్రీ అంగట్లో నేర్చుకున్న తెలుగుతో భావూయే నాకు కూరగాయల పేర్లు, ఆఫీసుల పేర్లు మరాఠీలో నేర్పించాడు. నేను తప్పు పలికితే నవ్వేవాడు. తను తెలుగులో తప్పు పలికితే నేను నవ్వేదాన్ని.

రెండు వేల సంవత్సరం దాటాక ఇద్దరూ కలిసి నాందేడ్ శివార్లోని తరోడా నాకాలో మా ఇంటి ముందు గదిలోనే ఇంటర్నెట్ సెంటర్ పెట్టారు. రెండు పాత కంప్యూటర్లు, మధ్యలో ప్లైవుడ్ చెక్క, ఒక్క ఫోను లైను. వెనక గదిలో మా ఆయన టీవీల బల్ల. కౌంటరు దగ్గర నేను కూర్చునేదాన్ని. ఆడపిల్లలు ధైర్యంగా లోపలికి వస్తారని ఆ ఏర్పాటు భావూ చెప్పిందే.

ఆ రోజుల్లో ఇంటర్నెట్ అంటే మోడెం కీచుమని అరిచి, గరగరమని, ఒక్కసారి నిశ్శబ్దమయ్యేది. ఆ నిశ్శబ్దం వస్తే లైను దొరికినట్టు. పేజీ పైనుంచి కిందికి చారలు చారలుగా దిగేది. వచ్చినవాళ్లు అది దిగేలోపు మా ఇంటి గోడ మీది క్యాలెండరు మొత్తం చదివేవారు. ఒక్కోసారి సగం దిగాక బోధన్ నుంచి మా అమ్మ ఫోను చేయాలని చూసేది. ఎప్పుడూ ఎంగేజ్ వస్తున్నదని తర్వాత నన్ను తిట్టేది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం భావూ క్లాసు నుంచి నేరుగా మా ఇంటికి వచ్చాడు. సంచిలోంచి ఒక సీడీ తీసి కంప్యూటర్‌లో పెట్టాడు. మా ఆయన చేతులకు అంటిన మసి తుడుచుకుంటూ వచ్చి వెనక నిలబడ్డాడు.

“వహినీ, మీరు గూడ రాండ్రి. గిప్పుడు చూడుండ్రి,” అన్నాడు భావూ.

రోజూ ఏడిపించే వార్తల పేజీ ఆరోజు కళ్ల ముందు టకటకా పరుచుకుంది.

“అరే, అచ్చేసింది!” అన్నాడు మా ఆయన చిన్నపిల్లాడిలా.

“గిదెట్ల? లైను గదే కదా?” అని నేనడిగాను.

“లైను గదే వహినీ. సామాను తక్కువైంది. గాడ కంపెనీ వాళ్ల పెద్ద కంప్యూటర్ పేజీని ముందుగాల మడత వెడ్తది, బొమ్మల బరువు తగ్గిస్తది, గప్పుడు పంపుతది. గీడ మనది మడత ఇప్పుతది. దీన్ని యాక్సిలరేటర్ అంటరు.”

“మరి బొమ్మలు గింత మసకగున్నయేంది?”

“బరువు తగ్గితే గంతే. సదువుకునేటందుకు ఏం తక్లీఫ్ లేదు.”

నిజంగానే ఏ ఇబ్బందీ లేదు. నౌకరీ ప్రకటనలు, రైలు రిజర్వేషన్లు, పరీక్షల తేదీలు అన్నీ అక్షరాలే కదా. పెయింటర్ని పిలిచి బోర్డు మీద ‘జలద్ ఇంటర్నెట్’ అని మరాఠీలో రాయించారు. జలద్ అంటే వేగం. కాలేజీ పిల్లలు సైకిళ్ల మీద ఊళ్లోని శ్రీనగర్ పేట నుంచి కూడా వచ్చేవారు. సాయంత్రం భావూ బండికి పోయే ముందు ముగ్గురం చాయ్ తాగుతూ కూర్చునేవాళ్లం. ఆ యాక్సిలరేటర్ మీద మా ఆయనకు పుట్టిన ప్రేమ అంతా ఇంతా కాదు. దాని లోపలి సెట్టింగులు రోజుకొక తీరు మార్చి, చేత్తో గడియారం పట్టుకుని చూసుకునేవాడు. చచ్చిపోయిందనుకున్న పిక్చర్ ట్యూబును బతికించినప్పుడు ఆయన ముఖంలో ఏ వెలుగు చూశానో అదే వెలుగు అప్పుడూ చూశాను.

తర్వాత నాందేడ్ నడిబొడ్డున ఉన్న వజీరాబాద్‌కు బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది.

ఆ కబురు తెచ్చింది కూడా భావూయే. చాయ్ కప్పు కింద పెట్టకుండానే మొదలుపెట్టాడు. ఫోను మాట్లాడుకుంటూనే ఇంటర్నెట్ చూడొచ్చట. మోడెం అరవదట, రోజంతా లైను కలిసే ఉంటుందట.

“మన దిక్కు అస్తదా?” అని మా ఆయన అడిగాడు.

“ఇప్పట్ల రాదు. ఎక్స్చేంజ్ దూరం. గందుకే దుకాణమే మనం గాడికి తీస్కపోవాలె. నేను ఒక జాగ చూసిన.”

“ఇల్లు ఇడిసిపెట్టి గాడికి పోయి ఏం చేస్త? నా టీవీల పని ఎట్ల? ఇంటామె పొయ్యి మీద గిన్నె వెట్టి గీడ కూసుంటది, గాడికెట్ల అస్తది? మనకు యాక్సిలరేటర్ ఉన్నది. మనోళ్లకు గది సాలు.”

“యార్, యాక్సిలరేటర్ చేసేది మడత వెట్టుడే. ముందుగాలనే మడత వెట్టుకొని అచ్చే సామాను అస్తే ఏం చేస్తవ్? పాటలు, మాటలు, ఈడియో... గవ్విటిని ఇంకెంత మడత వెడ్తవ్?”

“గవ్వి ఎవ్వరు చూస్తరు నాందేడ్‌ల?”

“చూస్తరు. ఏడాది ఆగు, అందరూ చూస్తరు.”

ఆ మాటల్లో కోపం లేదు. భావూ చెప్పేది అర్థమవుతోందని మా ఆయన కళ్లు చెబుతున్నాయి, నోరు మాత్రం ఒప్పుకోవడం లేదు. తన చేత్తో సర్దుకున్న ప్లైవుడ్ గదిని వదలడం ఆయనకు ఇష్టం లేదు. నేను కల్పించుకుని, “పోని, గాడొకటి గీడొకటి నడిపియ్యుండ్రి. ఇద్దరున్నరు గదా,” అన్నాను. ఇద్దరూ నా వైపు ఒకసారి చూశారు. మళ్లీ తమ వాదంలో పడ్డారు.

ఆ వేసవిలో బారావీ నికాల్ వచ్చింది, అంటే పన్నెండో తరగతి ఫలితాలు. పొద్దుటి నుంచే మా గుమ్మం ముందు పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, సైకిళ్లు, చెప్పులు. భావూ ఆ పొద్దున వజీరాబాద్‌లో తెలిసినాయన బ్రాడ్‌బ్యాండ్ సెంటర్‌కు పోయాడు, అది నికాల్ రోజు ఎలా నడుస్తుందో చూద్దామని. మా ఆయన ముందే లైను కలిపి కూర్చున్నాడు. ఫలితాల పేజీలో బొమ్మలేవీ లేవు, అన్నీ అంకెలూ అక్షరాలే. మొదట్లో కాస్త సతాయించినా తర్వాత ఒకరి తర్వాత ఒకరికి మార్కులు వస్తూనే ఉన్నాయి. ఒక తండ్రి మా ఆయన చేయి పట్టుకుని ఏడ్చాడు. ఇంకో పిల్ల నా భుజం మీద వాలి నవ్వింది. వజీరాబాద్‌లో తెర మీద ఏమీ రావడం లేదని అక్కడినుంచి పరుగెత్తుకొచ్చిన పిల్లలు చెప్పారు. ఆ మాట విన్నప్పటి నుంచి మా ఆయన వెన్ను నిటారైంది.

మధ్యాహ్నం దాటాక భావూ చెమటలు కక్కుతూ వచ్చాడు. గది నిండా జనం. అందరి ముందూ మా ఆయన గట్టిగా అడిగాడు.

“ఏడ పాయె నీ బ్రాడ్‌బ్యాండ్? గాడ చక్రం తిరుగుతనే ఉన్నదట గదా!”

జనం నవ్వారు. భావూ కూడా నవ్వాడు.

“అరే, సైటే జామైంది యార్. గాడ లైను ఎంత పెద్దదున్నా ఏం ఫాయిదా? నీకు జర ముందుగాల తగిలింది. నసీబ్.”

“నసీబ్ ఏంది? గిది నా పని. నీకేంది, పొద్దున బండిల అస్తవ్, పొద్దుగూకంగ బండిల పోతవ్. దుకాణం మునిగితే ఇల్లు మునిగేది నాది. నీకేం మునుగుతది?”

నవ్వులు ఆగిపోయాయి. నేను చాయ్ గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. భావూ ముఖం వాడిపోయింది. “గట్లనా?” అన్నాడు, అంతే. తర్వాత నా వైపు తిరిగి, “వహినీ, నాకు చాయ్ వద్దు. బండి టైమైతుంది,” అన్నాడు. ఉమ్రీ బండికి ఇంకా చాలా పొద్దుంది. అది మా ఆయనకూ తెలుసు.

మరుసటి రోజు భావూ రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. ‘నేనే కోపంల అన్న’ అని ఒక్కసారి ఫోను చేస్తే సరిపోయేది. మా ఆయన రిసీవర్ ఎత్తేవాడు, మోడెం లైను ఆక్రమించుకుని ఉందని మళ్లీ పెట్టేసేవాడు. మోడెం ఆపడం ఒక్క నిమిషం పని.

కొన్నాళ్లకు భావూ వజీరాబాద్‌లో సొంతంగా దుకాణం తీశాడు. పూజకు పిలవడానికి స్వయంగా మా ఇంటికి వచ్చాడు. మా ఆయన టీవీ వెనక తలదూర్చి సోల్డరింగ్ పెడుతూనే, “పనున్నది, చూస్త,” అన్నాడు. “తప్పక రాండ్రి వహినీ,” అని నాకు చెప్పి భావూ వెళ్లిపోయాడు. పూజ రోజు నేను పట్టుచీర కట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా చూసి చీర మార్చుకున్నాను.

మా సెంటర్‌కు జనం తగ్గుతూ వచ్చారు. అక్షరాలు చదువుకునే వాళ్లు ఉన్నారు కానీ, కుర్రకారు పాటల కోసం వజీరాబాద్‌కు పోయేవారు. లోడ్ షెడ్డింగ్ వేళల్లో మా గది చీకటిగా ఉండేది. అక్కడ ఇన్వర్టర్ ఉందని చెప్పుకునేవారు. మా ఆయన సెట్టింగులు మార్చడం మాత్రం మానలేదు.

ఆ రోజుల్లో మాకు మిగిలినవాళ్లలో ఒకామె బిలోలి దగ్గరి పల్లె నుంచి బస్సులో వచ్చేది. తెలుగు వాళ్లే. సొంత భూమి లేదు, కూలికి పోయి బతికేవారు. భర్త దుబాయిలో బిల్డింగుల పనికి పోయాడు. అతను వెళ్లాక ఆమెకు బాబు పుట్టాడు. ప్రతి శుక్రవారం అతనికి సెలవు. అక్కడ ఒక సెంటర్‌లో కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. ఇక్కడ ఆమె చెప్పేది నేను ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేసేదాన్ని. అతను పంపింది చదివి వినిపించేదాన్ని. ‘జ్వరం తగ్గిందా’, ‘అత్తమ్మకు కండ్లు ఎట్లున్నయి’ వంటి మాటలు మా సన్నటి లైనులోంచి హాయిగా వెళ్లేవి. భార్యాభర్తల మాటలు నా వేళ్ల మీదుగా పోతున్నాయని మొదట సిగ్గుపడ్డాను. తర్వాత ఆమె నన్ను ‘అక్కా’ అనడం మొదలుపెట్టాక ఆ సిగ్గు పోయింది.

ఒక వారం అతను రాశాడు: బాబును చూడాలని ఉంది, ఫొటో కాదు, కదులుతుంటే చూడాలని ఉంది.

“మన దగ్గర అయితదా అక్కా?” అని ఆమె అడిగింది. నేను మా ఆయన వైపు చూశాను.

“ఎందుకు కాదు? అయితది,” అన్నాడాయన. ఆ వారమే కెమెరా తెచ్చి కంప్యూటర్ మీద బిగించాడు.

శుక్రవారం ఆమె బాబుకు తలంటి, కొత్త చొక్కా తొడిగి, నుదుట పెద్ద చుక్క పెట్టి తీసుకొచ్చింది. అవతల అతను కూర్చుని ఉన్నాడు. మా ఆయన కెమెరా తిప్పాడు. మా తెర మీద బాబు కనపడ్డాడు. చేతులు ఆడిస్తున్నాడు, నవ్వుతున్నాడు. అటునుంచి రాత వచ్చింది: ‘ఫొటో లెక్క కనవడ్తుండు. కదుల్తలేడు.’

మా ఆయన లైను తెంపి మళ్లీ కలిపాడు. యాక్సిలరేటర్ ఆపి చూశాడు, మళ్లీ పెట్టి చూశాడు. కెమెరా బొమ్మను చిన్నది చేశాడు. ‘ఇప్పుడు గళ్లు గళ్లు కనవడ్తున్నయి. మొఖం ఏడున్నది?’ అని రాశాడు అతను. మాట పంపుదామని మైకు పెడితే అతని గొంతు ఒక అక్షరం వచ్చి, ఆగి, మరో అక్షరం వచ్చింది. భర్త గొంతు అలా ముక్కలై రావడం విని ఆమె భయపడింది. “ఆయనకేమన్న అయిందా అక్కా?” అని నా చేయి పట్టుకుంది. బాబు విసుగొచ్చి ఏడవడం మొదలుపెట్టాడు.

“వజీరాబాద్ పోదాం,” అన్నాను నేను.

మా ఆయన చెమట తుడుచుకున్నాడు. “ఆగుమని చెప్పు అతనికి. అస్తున్నమని రాయి,” అన్నాడు. షట్టరు తనే దించాడు, ఆటో తనే పిలిచాడు.

ఆ రోజు దారిలో ఎక్కడ చూసినా ట్రాఫిక్కే. ఆటో కదలదు. మా ఆయన దిగి ముందుకు పోయి బండ్లను పక్కకు తప్పించాడు. బాబు నా ఒళ్లో నిద్రపోయాడు. ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుతూ కూర్చుంది.

భావూ దుకాణం మెట్లెక్కగానే అతను లేచి నిలబడ్డాడు. “యా వహినీ, యా,” అంటూ వచ్చాడు. అంటే రమ్మని. నా వెనక్కి చూసి, “వాడేడి?” అన్నాడు.

“బయట ఉన్నరు.”

అతను ఇంకేమీ అడగలేదు. నేను సంగతి చెప్పేలోపే ఒక అబ్బాయిని లేపి మాకు కుర్చీ ఇచ్చాడు. కెమెరా సరిచేశాడు. మెసెంజర్ తెరిచాడు. ఆమె భర్త పేరు పక్కన, లైనులో ఉన్నట్టు చూపే దీపం ఆరిపోయి ఉంది. ఎదురుచూశాం. దుబాయి సెంటర్‌లో శుక్రవారం అందరూ వరుసలో ఉంటారని, ఆయన వంతు అయిపోతే లేవాల్సిందేనని ఆమె మెల్లగా చెప్పింది. ఆ దీపం వెలగలేదు. ఆమె ఏడవలేదు. నిద్రపోయిన బాబును భుజాన వేసుకుంది. “అచ్చే శుక్రారం గీడికే అస్త అక్కా,” అంది, నేను ఎక్కడ నొచ్చుకుంటానో అన్నట్టు నా ముఖం చూస్తూ.

భావూ మాతోపాటు మెట్ల దాకా వచ్చాడు. మా ఆయన రోడ్డు అవతల ఆటోకు ఆనుకుని నిలబడ్డాడు. ఇప్పుడు మాట్లాడుకుంటారనుకున్నాను.

“లోపటికి రా, చాయ్ తాగు,” అన్నాడు భావూ.

“ఆటో ఆగున్నది.”

“ఆగనియ్.”

“వద్దులే, పోతం.”

భావూ ఇంకొక్క మెట్టు దిగి ఆగిపోయాడు. ఇంకా రెండు మెట్లు దిగితే రోడ్డు. మా ఆయన ఆటోలోకి ఎక్కి కూర్చున్నాడు. నేను ఇద్దరి మధ్యా నిలబడి ఎవరి చేయి పట్టుకుని లాగాలో తెలియక చివరికి ఆటో ఎక్కాను.

మరుసటి శుక్రవారం నేనే ఆమెను బస్టాండు నుంచి వజీరాబాద్‌కు తీసుకెళ్లాను. ఈసారి తెర మీద మనిషి వచ్చాడు. ఎండకు నల్లబడ్డ ముఖం, తల నూనె రాసి దువ్వుకున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. బాబు తెర మీదికి చేయి చాపాడు. అతను కూడా అటునుంచి వేలు చాపాడు. “చెయ్యి ఊపు బిడ్డా, ఊపు,” అంటున్నాడు. గొంతు ముక్కలు కాలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ అతనే పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. అది కూడా స్పష్టంగా కనపడింది. భావూ మాకు వీపు చూపించి తలుపు దగ్గర నిలబడి, లోపలికి వచ్చేవాళ్లను ఆపుతున్నాడు.

ఇంటికొచ్చాక మా ఆయన అడిగాడు, “సాఫ్ కనవడ్డదా?”

“సాఫ్ కనవడ్డది. భావూ మంచిగ చూసుకున్నడు.”

ఆయన తల ఊపి టీవీల గదిలోకి వెళ్లాడు. ఆ రోజు తర్వాత యాక్సిలరేటర్ సెట్టింగులు ముట్టుకోవడం నేను చూడలేదు.

బ్రాడ్‌బ్యాండ్ తర్వాత తరోడా నాకాకు కూడా వచ్చింది. మేమూ పెట్టించుకున్నాం. అప్పటికి కుర్చీలు ఖాళీ. ఇంకొన్నాళ్లకు అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి. మేము ప్లైవుడ్ చెక్కలు తీసేసి ముందు గదిని మళ్లీ ఇల్లు చేసుకున్నాం. భావూ దుకాణం కూడా నిలవలేదు. దాన్ని ఎవరికో ఇచ్చి, బావమరిది దగ్గర పని చూసుకుని పుణె వెళ్లిపోయాడట. అది కూడా అతను వెళ్లిన చాలా రోజులకు, బస్టాండు దగ్గర చాయ్ పోసేవాడు మాటల్లో చెబితే తెలిసింది. మా ఆయన ఆ రోజు చాయ్ సగం తాగి గ్లాసు పెట్టేశాడు.

చాలా ఏళ్ల తర్వాత ఉమ్రీలో ఒక పెళ్లికి పోయాం. పందిట్లో భావూ ఎదురయ్యాడు. జుట్టు నెరిసింది, కళ్లద్దాలు పెట్టాడు. నన్ను చూసి “వహినీ!” అన్నాడు పాత గొంతుతోనే. తర్వాత మా ఆయన వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

“కైసే హై ఆప్?” అన్నాడు.

‘ఆప్’ అన్నాడు, అంటే మీరు అని. మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఒకరినొకరు అరే, తురే అంటూ నువ్వు నువ్వు అనుకున్న మనుషులు. మా ఆయన కూడా గౌరవంగా, “బాగున్న. మీరెట్లున్నరు?” అన్నాడు. చక్కెర జబ్బు గురించి, మోకాళ్ల గురించి, పుణెలో నీళ్ల గురించి మాట్లాడుకున్నారు. ఇద్దరూ ఎంతో మర్యాదగా మాట్లాడారు. పక్కన నిలబడి వింటుంటే, ఒకప్పుడు నికాల్ రోజు జనం ముందు మా ఆయన అన్న ఆ మాటే నయమనిపించింది. అందులో కనీసం చనువుంది. ఎవరో పిలిస్తే భావూ సెలవు తీసుకుని వంటల వైపు వెళ్లాడు.

తిరుగు బండిలో మా ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. బండి ముద్‌ఖేడ్ దాటింది.

“గప్పుడు గాడికి పోయినా దుకాణం నిలిచేది గాదు,” అన్నాడు చివరికి. “వాని దుకాణం గూడ నిలవలే గదా.”

“అవును.”

“గందుకోసమే కొట్లాడినం.” నా వైపు తిరిగి, “వాని నంబరు తీసుకున్నవా?” అన్నాడు.

“మీరు తీసుకున్నరనుకున్న.”

“పెండ్లోళ్ల దగ్గర ఉంటది. అడుగుదాం.”

సరే అన్నాను. నాందేడ్‌లో దిగి ఆటో ఎక్కాం. పెళ్లివాళ్లు తర్వాత రెండుసార్లు మా ఇంటికి వచ్చారు, భోజనం చేసి వెళ్లారు. ఆయన అడగలేదు. నేనూ గుర్తు చేయలేదు.